వడ్డె నోట నా మాట

బస్తర్ సంస్థానంలో కంపౌండరుగా పనిచేసిన రోజుల గురించి ఇంట్లో వాళ్లకు చెప్పినప్పుడల్లా నేను సగంలోనే ఆపేస్తాను. క్వినైన్ సంగతి చెబుతాను, పిల్లలు బతికిన సంగతి చెబుతాను. అందరూ మెచ్చుకుంటారు, నేనూ మొహమాటం లేకుండా మెప్పు పుచ్చుకుంటాను. ఆ తర్వాత జరిగింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

దవాఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి. తర్రెం వెళ్లే దారిలో రెండు గదుల పెంకుటిల్లు. జగదల్‌పూర్ నుంచి డాక్టరు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు, మిగతా రోజుల్లో డాక్టరూ నేనే, గది ఊడ్చేదీ నేనే. వానలు తగ్గుముఖం పట్టగానే చలిజ్వరాలు మొదలయ్యేవి. క్వినైన్ కలిపి గ్లాసులో పోసి ఇస్తే నా ఎదుట మింగినట్టు తలాడించి, గుమ్మం దాటి ఉమ్మేసేవాళ్లు. చేదు ఒక కారణం. అసలు కారణం, జ్వరం ఊరి తల్లి కోపం వల్ల వస్తుందని, సర్కారు మందు మింగితే ఆమె ఇంకా మండిపడుతుందని వాళ్ల భయం. నేను దోమ బొమ్మ గీసి గోడకు అంటించాను. ఒక ముసలామె దాన్ని తేరిపార చూసి, "గింత దోమ అంత మనిషిని పడగొడతదా కంపౌండరు బాబూ" అని అడిగితే వెనకున్నవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పరీక్ష పాసయ్యాను కాబట్టి లోకంలో తెలివి అంతా నాదేననుకునే వయసు.

ఊళ్లో తల్లి మాట పలికేది వడ్డె. వడ్డె అంటే పూజారే గానీ, గంట కొట్టి తీర్థం ఇచ్చే పూజారి కాదు. డోలు మోగుతుండగా తల్లి ఆయన మీదికి వస్తుంది, ఆయన నోటితో మాట్లాడుతుంది. మామూలప్పుడు మాత్రం గొంతు పెంచి ఒక్క మాట అనని ముసలాయన. పొద్దుటిపూట దవాఖానా అరుగు మీద కూర్చుని తన పొగాకులో నాకింత పెట్టేవాడు. ఆయనంటే నాకు ఇష్టం. గిట్టని మనిషి విషయంలో అయితే ఇన్నేళ్లు ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ ఏడు ఒకే ఇంట్లో వారం తిరక్కుండా ఇద్దరు పిల్లలు పోయారు. నేను నేరుగా వడ్డె ఇంటికి వెళ్లాను. ఆయన బుట్ట అల్లడానికి వెదురు చీలుస్తున్నాడు.

"తాతా, ఈసారి తల్లి వచ్చినప్పుడు ఈ మందు తినమని చెప్పాలి. ఐదు రోజులు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బెల్లంలో పెట్టి ఉండలు చేసిస్తాను."

"అమ్మ చెప్పమంటే చెప్తా బాబూ."

"అమ్మ చెప్పమనకపోయినా చెప్పాలి."

చేతిలో కత్తి ఆగింది. "అదేంది? అమ్మ చెప్పంది నా నోట ఎట్ట వస్తది? ఆమె వస్తే నేనుండను. నేనుంటే ఆమె ఉండదు."

నాకు ఓపిక నశించింది. "మందు నా దగ్గరుంది. నువ్వు నోరు విప్పకపోతే ఇక పోయే ప్రతి పిల్లా నీ వల్ల పోయినట్టే" అన్నాను. అంత మాట అనడానికి నేనెవరిని? ఆ పిల్లల్ని ఎత్తుకు పెంచినవాడు ఆయన. ఆయన కత్తి పక్కన పెట్టి, "ఏమనాలె?" అని అడిగాడు. చెప్పాను. రెండుసార్లు వల్లె వేయించాను. "సాయంత్రం" మరిచిపోతే బళ్లో పంతులులా సరిదిద్దాను కూడా.

కొత్త వడ్లు దంచి వండి తల్లికి పెట్టే పండగనాడు డోలు మోగింది. వడ్డె కళ్లు మూసుకున్నాడు, వణికాడు, నేను నేర్పిన మాటలు నేర్పిన వరుసలోనే పలికాడు. జనం బెల్లం ఉండలు కళ్లకద్దుకుని తీసుకున్నారు, ఒక్కరూ ఉమ్మలేదు. నేను అందరికీ వెనక నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

జ్వరాలు తగ్గాయి. ఆ చలికాలం ఒక్క పిల్లా పోలేదు. డాక్టరు వచ్చినప్పుడు దీన్నొక వేడుకలా చెబితే ఆయన పడీపడీ నవ్వి భుజం తట్టాడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మళ్లీ ఆ పిల్లల్ని నా ముందు పెడితే మళ్లీ అదే పని చేస్తాను. అందుకే నా తప్పుకు నేను సరిగ్గా క్షమాపణ కూడా చెప్పుకోలేను.

వేసవి చివర విత్తనాల పండగ వచ్చింది. వడ్డె మీదికి తల్లి వచ్చి విత్తనాలు తాకితేగానీ ఆ ఊళ్లో ఎవరూ దుక్కిలో గింజ వెయ్యరు. అంతకు ముందు ఏళ్లలో నేను చూశాను, తల్లి వచ్చినప్పుడు ఆయన ముళ్లూ రాళ్లూ చూడకుండా నడిచేవాడు, తర్వాత అడిగితే ఏదీ గుర్తుండేది కాదు. ఈసారి కూడా వణికాడు, ఊగాడు, కానీ దారిలో పడున్న ముళ్లకంప దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుని నడిచాడు. విత్తనాలు తాకాడు. అందరూ దండం పెట్టారు. ఆయన నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ముసలితనం, ఒంట్లో ఓపిక లేదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మళ్లీ వానలు పడ్డాయి. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మా మందుల పెట్టెదాకా వచ్చింది. క్వినైన్ అంతా మిలిటరీకే అన్నారు. పెట్టెలో ఆముదం, అయోడిన్ మాత్రం వచ్చాయి. జ్వరాలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. జనం నా దగ్గరికి రాలేదు. ఉండలు ఇచ్చింది తల్లి కదా, వడ్డె దగ్గరికే వెళ్లారు. ఆయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బాబూ, ఇప్పుడేం చెప్పాలె?"

మందు లేదని, యుద్ధం అయ్యేదాకా రాదని చెప్పాను. అన్నీ ఓపిగ్గా విన్నాడు.

"మందు సంగతి కాదు బాబూ. రేపు డోలు కొడతరు. అమ్మ ఏమంటాందని అడుగుతరు. ఏం చెప్పాలె?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నన్నడుగుతావేంది తాతా? పోయి మీ అమ్మనే అడుగు."

"అడిగిన. ఆ కొత్త వడ్ల పండగ కాడి నుంచి అడుగుతానే ఉన్న. కళ్లు మూసుకుంటే నీ గొంతే వినబడతాంది."

ఆ మాటలో నింద లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణేమో. లోపలికి పోయి ఖాళీ సీసాలు అటూ ఇటూ జరిపాను. మధ్యాహ్నం దాటేదాకా ఆయన అరుగు మీదే కూర్చున్నాడు, నేను బయటికొచ్చి చెబుతానని.