గాలిని వదిలేసిన లెక్క

ఖార్కివ్‌లో యుద్ధం మొదలయ్యేనాటికి మా మేడలోనే ఉండే ప్లాటన్ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్నాడు. మా మేడ కింద నేలమాళిగలో అందరం నక్కి ఉంటే, అతను మూలన లాప్‌టాప్ పెట్టుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవాడు. ఉత్తరం నుంచి వచ్చే ఫిరంగి గుండు మా తొమ్మిదంతస్తుల మేడ దాటాక ఎక్కడ పడుతుందో దాంతో లెక్క కట్టిస్తున్నానన్నాడు. మేకు కొట్టడం రాదుగానీ గుండుకు దారి చెప్తాడట అని పక్కింటి జోయా నవ్వింది. నా భర్త హెన్నాది మాత్రం సుద్దముక్క వెతికిచ్చాడు.

ప్లాటన్ మేడ వెనక గీత గీశాడు. నీళ్ల బండి వచ్చినప్పుడు గోడకూ గీతకూ మధ్య నిలబడితే మేడే అడ్డమని చెప్పాడు. అలాగే నిలబడ్డారు. ఒక పొద్దున గుండు కప్పు మీదుగా వచ్చి గీత లోపలే పడింది. హెన్నాదిని కోటు బొత్తాన్నిబట్టి గుర్తుపట్టాను. అది నేను వేరే రంగు దారంతో కుట్టింది. జోయాకు మోకాలి కింద కాలు పోయింది.

జోయా కొడుకు రుస్లాన్ ప్లాటన్‌ను మెట్ల మీదుగా ఈడ్చి గోడకేసి బాదాడు. పళ్లు రాలాయి. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

వాచిన మొహంతోనే ప్లాటన్ మళ్లీ కూర్చున్నాడు. బడి లెక్కల్లో గాలి లేదనుకోమంటారట, ఉంటే కాగితం మీద లెక్క తెమలదట. అలవాటుగా అతనూ వదిలేశాడు. ఇప్పుడు గుండు ప్రయాణాన్ని చిన్న చిన్న క్షణాలుగా కోసి, ఒక్కో క్షణంలో గాలి ఎంత ఆపుతుందో కంప్యూటరు చేత లెక్క కట్టించడం నేర్చుకున్నాడు. ముందుగా నా దగ్గరికే వచ్చాడు.

"పిన్నీ, గుండు నేననుకున్నదానికంటే నిటారుగా దిగుతుంది. గోడకి బాగా దగ్గరగా ఉంటేనే మేడ కాస్తుంది."

"ఈసారి ఏం వదిలేశావు?"

"తెలీదు పిన్నీ."

కొత్త గీత గోడకు ఆనుకున్నంత దగ్గరగా పడింది. నీళ్ల బండి వచ్చినా ఎవరూ అటు పోలేదు. నేను హెన్నాది బకెట్ తీసుకుని వెళ్లి నిలబడ్డాను. తల్లికి నీళ్లు కావాలి కాబట్టి రుస్లాన్ తిట్టుకుంటూ నా వెనక చేరాడు. తర్వాత మిగతావాళ్లు వచ్చారు.

ఈల వినిపించింది. గుండు పాత గీత దగ్గర పడింది. మా మీద మట్టి పడ్డాక చూస్తే బకెట్‌కు చిల్లి, రుస్లాన్ చెవి సగం లేదు. మిగతా అందరం లేచాం.

మెడ మీదుగా నెత్తురు కారుతుండగా రుస్లాన్ నేలమాళిగలోకి దిగాడు. దెబ్బ పడుతుందని ప్లాటన్ కళ్లు మూసుకున్నాడు.

"ఒరేయ్, గుండు పేలాక ఎగిరే ముక్కల్ని వదిలేశావురా," అన్నాడు రుస్లాన్. "వాటిని కూడా లెక్క కట్టు."

ప్లాటన్ లాప్‌టాప్ తెరిచాడు. నేను రుస్లాన్ చెవికి గుడ్డ చుట్టాను.