చెల్లెలు అక్కయిన వైనం

కవలలు పుట్టినప్పుడు ముందు బయటపడినదాన్ని పెద్దది అన్నారు, వెనకే వచ్చినదాన్ని చిన్నది అన్నారు. వాళ్ళకీ పేర్లున్నాయి గానీ ఇంటా బయటా ఈ పిలుపులే ఖాయమైపోయాయి. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవారు. ఒకదానికి జలుబు చేస్తే రెండోదానికి మందు పట్టించిన రోజులున్నాయని వాళ్ళమ్మ చెప్పుకుని నవ్వేది. బడిలో పెద్దది చేసిన అల్లరికి చిన్నది దెబ్బలు తినేది. చిన్నదానికి రాని లెక్కలు పెద్దది బోర్డు మీద చేసేసి వచ్చేది. అలా ఇద్దరికీ చెల్లుకు చెల్లయిపోయేది.

యాభై దాటాక కూడా అదే జంట, అదే పోలిక. ఇద్దరూ కలిసి బజారు మలుపులో కుట్టు షాపు నడిపేవారు. ముందు గదిలో పెద్దది మెడలో టేపు వేసుకుని కొలతలు తీసుకునేది, వచ్చినవాళ్ళతో మాట్లాడేది, గుడ్డ కత్తిరించేది. తెర వెనక గదిలో చిన్నది మిషను తొక్కేది. పెద్దదానికి నోరిచ్చి చిన్నదానికి చేతులిచ్చాడు దేవుడు అనేవారు చుట్టుపక్కలవాళ్ళు. పెద్దది పెళ్ళి జోలికి పోలేదు. చిన్నదాని భర్త స్కూలు బస్సు డ్రైవరు, ఒక్కతే కూతురు, కాలేజీలో చదువుతోంది. కింద వాటాలో చిన్నదాని సంసారం, మేడమీద గదిలో పెద్దది.

పెళ్ళయిన కొత్తలో ఆ డ్రైవరు ఒకరోజు భార్య దగ్గర కూర్చుని, "మీ అక్క నోటికి దండం పెట్టాలే, భరించలేకపోతున్నాను" అని మనసులో ఉన్నదంతా వెళ్ళగక్కాడు. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విని, "సరే మరిదిగారూ, మా చెల్లెలికి చెప్తాను లెండి" అని లేచింది. ఆ రోజు నుంచి అతను ముందు చీర రంగు చూసుకుని గాని నోరు విప్పేవాడు కాదు.

యాభై దాటిన ఆ ఏడు పెద్దది స్నేహితురాలి ఇంటికని నాలుగు రోజులు వెళ్ళొచ్చింది. వచ్చాక రోజురోజుకీ ఆవిడ మొహం తేటపడుతూ వచ్చింది. చిన్నది మొదట ప్రయాణం ఒంటికి పడిందనుకుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఒక గౌను పట్టుకుని నిలువుటద్దం ముందు నిలబడ్డారు. అద్దంలో ఇద్దరున్నారు గానీ ఇద్దరూ ఒకేలా లేరు.

"అక్కా, మొహానికి ఏం రాస్తున్నావ్?"

"రాయడం లేదే. పొడిపించుకున్నాను."

"ఏంటీ?"

"ఇదిగో, ఇక్కడ, ఇక్కడ. బొటాక్స్ సూదులు, ముడతలు పోవడానికి. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

చిన్నది అద్దంలోంచి అక్క వైపు తిరిగింది. సూదుల సంగతి అలా ఉంచండి, అక్క తనకు చెప్పలేదు! తలలో పిన్నులు కొనాలన్నా ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. పళ్ళు పీకించుకోవడానికి కూడా తోడు వెళ్ళేవాళ్ళు. "ఒక్కదానివే వెళ్ళావా?" అని మాత్రం అడగగలిగింది. "ఒక్కదాన్నే వెళ్ళాను" అంది పెద్దది. ఆ మాటలో ఏదో చిన్న గర్వం ఉంది. చిన్నది గౌను మడత పెట్టి తెర వెనక్కి వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. రెండు రోజుల తరవాత పెద్దది దారాలు కొనడానికి వెళ్ళినప్పుడు ఒక టీచరమ్మ కోటు తీసుకోవడానికి వచ్చింది. చిన్నది బయటికి రాగానే ఆవిడ అటూ ఇటూ చూసి, "అక్కగారూ, మీ చెల్లెలు లేదా?" అంది.

"నేనే చెల్లెల్ని" అనబోయింది చిన్నది. అనకుండా కోటు తీసి చేతికిచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్న ఒక్క ఆస్తీ, ఆ చిన్నదనం, పట్టపగలు పోయింది.

ఆ వారమంతా ఆవిడ అద్దాన్ని వదల్లేదు. నుదురు పైకి లాగి చూసుకుంది, చెంపలు వెనక్కి లాగి చూసుకుంది. ఒకరోజు కాలేజీ నుంచి తొందరగా వచ్చిన కూతురికి, నుదుటి మీద దెబ్బలకు అంటించే పట్టీలు బిగించుకుని కూరగాయలు తరుగుతున్న తల్లి కనిపించింది.

"అమ్మా! ఎక్కడ పడ్డావ్?"

"ఎక్కడా పడలేదు. ఊరుకో."

విషయం తెలిశాక కూతురు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "చేయించుకోవాలనుంటే చేయించుకో, వద్దనుకుంటే మానెయ్. కానీ పొద్దున్నే అద్దం ఖాళీ చెయ్యమ్మా, నేను తల దువ్వుకోవాలి" అంది. ఆ రాత్రి అన్నం తింటూ డ్రైవరు తన అభిప్రాయం చెప్పాడు. "నా మటుకు నాకు హాయిగా ఉంది. ఇన్నేళ్ళకు చీర రంగు చూసుకోకుండా మాట్లాడుతున్నాను." చిన్నది అతని కంచంలో కూర వెయ్యడం మానేసింది.

చెల్లెలు ముభావంగా ఉండడం పెద్దది గమనించింది. మిషను చప్పుడులోనే తేడా తెలుస్తోంది, ఆగి ఆగి నడుస్తోంది. ఒకరోజు తెర పక్కకు లాగి, "పద, ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాను. మళ్ళీ ఇద్దరం ఒకేలా ఉందాం" అంది. చిన్నది ఎగిరి గంతేసినంత పని చేసింది.

డాక్టరు పడుచు మనిషి, కళ్ళజోడు పెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఏయే జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారని అడిగింది. కొన్ని నెలలే పనిచేస్తుందని, తరవాత మళ్ళీ చేయించుకోవాలని, ఒక్కోసారి కాస్త కమిలినట్టు అవుతుందని దాచకుండా చెప్పింది. తరవాత తెల్ల పెన్సిలు తీసుకుంది.

"కోపంగా చూడండమ్మా. కనుబొమలు ముడవాలి. ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియాలి కదా."

చిన్నది ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు. డాక్టరు మీద కోపమెందుకు వస్తుంది? కళ్ళు పెద్దవి చేసింది, మూతి బిగించింది. చివరికి తుమ్ము ఆపుకుంటున్న మనిషిలా తయారైంది. పక్కన కుర్చీలో ఉన్న పెద్దది ఇక ఉండబట్టలేకపోయింది.

"చెప్పడం మర్చిపోయానే. మీ ఆయన పొద్దున్న మన షాపు పెద్ద కత్తెరతో అట్టపెట్టె కోశాడు."

కనుబొమలు టక్కున కలుసుకున్నాయి. బట్ట తప్ప కాగితం ముక్క కూడా తగలనివ్వని కత్తెర అది!

"అదీ! అలాగే ఉంచండి" అని డాక్టరు పెన్సిలుతో చుక్క పెట్టింది.

"నిజంగా కోశాడా?"

"లేదే. ఊరికే అన్నాను."

చిన్నది ముందు పళ్ళు పటపటా కొరికింది, తరవాత నవ్వు తన్నుకొచ్చింది. అది చూసి పెద్దది మొదలుపెట్టింది. పెద్దదాని నుదురు మాత్రం కదలకుండా నున్నగా ఉంది, కింద మొహమంతా ఊగిపోతోంది. అది చూసి చిన్నదానికి మరీ ఎక్కువైంది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. చేతిలో పెన్సిలుతో నిలబడిన డాక్టరు కూడా కాసేపు గోడవైపు తిరగాల్సి వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక డాక్టరు చేతి అద్దం ఇచ్చింది. "సరిగ్గా చూసుకుని చెప్పండి. మీ మొహంలో మీకు నచ్చనిది ఏది?"

చిన్నది చూసుకుంది. నుదుటి మీద గీతలున్నాయి, కళ్ళ చివర ముడతలున్నాయి. వాటి మీద ఆవిడకు కోపమేమీ రాలేదు. నిజానికి అక్క మొహం మారేదాకా వాటిని పట్టించుకున్నదే లేదు.

"మా అక్కలా లేకపోవడం" అంది.

డాక్టరు పెన్సిలు కింద పెట్టింది. "దానికి నా దగ్గర సూది లేదమ్మా. ఇవాళ్టికి వెళ్ళిరండి. ముడతలకే కావాలనిపిస్తే ఎప్పుడైనా రావచ్చు. అవీ ఎక్కడికీ పోవు, నేనూ ఎక్కడికీ పోను."

బయట చెట్టుకింద సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పెద్దది చేతిసంచి పట్టీ మెలితిప్పింది.

"నీకు చెప్పకుండా ఎందుకు వెళ్ళానో తెలుసా?" అంది. "ముడతల కోసమే కాదే. పుట్టినప్పటి నుంచి ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న 'నువ్వు ఏ అమ్మాయివి?' అనే. నన్ను చూసి నేనే అని గుర్తుపట్టినవాళ్ళు లేరు. ఒక్క పనైనా నేను ఒక్కదాన్నే చేసి, నాకు నేనుగా కనబడదామనిపించింది."

"మరి మళ్ళీ ఒకేలా ఉందాం అన్నావు?"

"నీ మొహం చూసి జాలేసింది. లోపల కూర్చున్నంతసేపూ భయపడుతూనే ఉన్నాను, ఇది నిజంగా చేయించుకుంటే మళ్ళీ మొదటికొస్తుందిరా భగవంతుడా అని."

"ఆ ముక్క ఇంట్లోనే ఏడవచ్చుగా!"

"ఏడిస్తే నువ్వు మానేసేదానివి. నాకోసం మానేస్తే అదీ నీ ఇష్టం కాదుగా."

చిన్నది అక్క భుజం మీద ఒక్కటి వేసింది. గట్టిగానే తగిలింది. తరవాత అదే భుజం మీద తల ఆనించింది. మనసులో ఉన్న బరువంతా ఎటు పోయిందో తెలియలేదు. సూదులు వద్దు అనుకుంది. ఇందులో అక్క కోసమంటూ ఏమీ లేదు. తనకు అక్కర్లేదు కాబట్టి వద్దు.

"అయితే అక్కా, నేను ఒక్కదాన్నే చేసిన పని ఏముంది?"

"పెళ్ళి చేసుకున్నావు."

"అతన్ని ముందు చూసొచ్చి సరేనన్నది నువ్వే."

పెద్దది ఆలోచించింది. "ఈత" అంది. "చిన్నప్పుడు నీళ్ళు చూస్తే నీ ప్రాణం లేచొచ్చేది. నాకేమో భయం. నేను దిగనని నువ్వూ దిగలేదు. జతగా గట్టు మీద కూర్చున్నావు పిచ్చిమొహంలా."

ఆ తరవాత షాపులో కొన్ని మార్పులొచ్చాయి. ఎవరెవరో తెలిసిపోవడంతో, తెర వెనక ఉన్నావిడే కుట్టేది అని జనానికి తెలిసింది. "ఆ కుట్టే ఆవిణ్ణి పిలవండి" అని అడిగి మరీ చిన్నదానితో మాట్లాడేవారు, కాలరు బాగా కూర్చుందని చెప్పేవారు. ఇన్నేళ్ళూ ఆ మెప్పంతా కొలతలు తీసుకున్న అక్కకే చేరేది. చిన్నది తెర తీసేసి మిషనును కిటికీ పక్కకు జరిపించింది. ఎవరైనా "అక్కగారూ" అంటే సరిదిద్దడం కూడా మానేసింది. పైగా, "ఏమ్మా చెల్లాయ్, టీ పెట్టు" అని నలుగురిలో పురమాయించేది. పెద్దది పళ్ళు నూరుతూ టీ పెట్టేది. నెలలు గడిచి నుదుటి మీద గీతలు మళ్ళీ తొంగిచూడగానే పెద్దది ఇంకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఈసారి చెప్పే వెళ్ళింది. చిన్నది షాపు చూసుకుంది.

వేసవిలో మున్సిపాలిటీ ఈతకొలనులో ఆడవాళ్ళకు ఉదయం తరగతులు పెట్టారు. చిన్నది మోకాళ్ళ దాకా వచ్చే నీలం రంగు ఈతదుస్తులు తనే కత్తిరించి తనే కుట్టుకుంది. మొదటి రోజున కూతురు ఫోను పట్టుకుని, డ్రైవరు బస్సు మలుపులో ఆపుకుని, పెద్దది తువ్వాలు గుండెలకు హత్తుకుని వచ్చారు. నేర్పే అమ్మాయి, "గోడ వదిలెయ్యండి ఆంటీ, నేను పట్టుకుంటాను" అంది.

"వదలకే! మునిగిపోతావ్!" అని గట్టు మీద నుంచి పెద్దది అరిచింది.

"అరవకక్కా, నవ్వొస్తోంది, నీళ్ళు తాగేస్తాను!" అని చిన్నది గోడ వదిలేసింది. రెండు చేతులూ చాపి, కాళ్ళు టపటపా కొడుతూ, అందరి మీదా నీళ్ళు చిమ్ముకుంటూ ముందుకు సాగింది.