మడమ మీది ఉప్పు

తర్హేలియా సింబాన్యా ఏ బొమ్మ చేతికొచ్చినా ముందు దాని మడమ నాకి చూస్తుంది. కొత్తవాళ్ళు గుండెల మీద సిలువ వేసుకుంటారు. పాతవాళ్ళు ఇంకో ముద్ద ఎస్పుమియా నోట్లో పెట్టుకుని, ఆవిడ ఏం చెబుతుందా అని చూస్తారు. నురగలా గిలక్కొట్టిన ఆ జామపండు మిఠాయి అమ్మే మనిషి ఆవిడ గుమ్మం పక్కనే నిలబడుతుంది మరి.

కీటోలో శాన్ ఫ్రాన్సిస్కో చర్చి వెనక, గుర్రాలు కూడా ఆయాసపడే ఏటవాలు వీధిలో ఆవిడ కొట్టు. పై వాటాలో పాతికేళ్ళుగా నేను అద్దెకుంటున్నాను. కొట్టు అంటే ఒక గది, ఒక బల్ల, గోడల నిండా అరలు. అరల్లో చేతులు చాచి పడుకున్న బాలయేసులు. నీన్యో అంటారు ఇక్కడ. ఈ ఈక్వడార్‌లో నీన్యో లేని ఇల్లుండదు. జానెడు పొడవు, చెక్కిన కర్ర, గాజు కళ్ళు. తల్లి నుంచి కూతురికి వస్తాడు. వాడికి బట్టలు కుట్టిస్తారు, జోల పాడతారు, అలిగితే బతిమాలతారు. క్రిస్మస్ ముందురోజు పల్లకీలో ఊరేగిస్తారు. వాడి వేలు విరిగినా రంగు లేచినా తర్హేలియా దగ్గరికి రావలసిందే. వాళ్ళ నాన్న చెయ్యి వణకడం మొదలైనప్పుడు కుంచె ఆవిడ చేతికొచ్చింది. అప్పటి నుంచి నలభై ఏళ్ళు.

మడమ ఎందుకంటే, పాదం అడుగున రంగు పల్చగా ఉంటుంది, కర్ర రుచి తెలుస్తుంది. ఉప్పగా ఉంటే సముద్రపు ఒడ్డు బొమ్మ. మూడు రోజులు తడిబట్టలో చుట్టి ఉప్పు లాగెయ్యకపోతే, పైన ఎంత మంచి రంగు వేసినా ఏడాదిలో బొబ్బలెక్కుతుంది. పొగ వాసన వస్తే కొండల మీది వంటింటి బొమ్మ. గీరితే పొడి రాలిందంటే తూర్పు అడవుల్లో పురుగు తిన్నది. కుయెంకా వాళ్ళ నీన్యోలకి పాదాల రంగొక్కటే పోతుంది, ముద్దులు పెట్టి పెట్టి.

కాలికి బలపం కట్టుకుని తిరిగినవాణ్ణి నేను. ఈ చిన్న దేశాన్ని అడ్డంగా నిలువుగా నాలుగుసార్లు కొలిచాను. నూటయాభై ఏళ్ళ కిందట ఇక్కడ తిరిగిన దొరల పుస్తకాలు సంచీలో మోసుకుని, వాళ్ళు ఎక్కడ కంచరగాడిదలు మార్చారో అక్కడ నేను బస్సులు మారాను. తర్హేలియా మాత్రం అరవైమూడేళ్ళొచ్చినా మచాచీ సంత దాటి ఎరగదు. అయినా ఆవిడ అడిగే ప్రశ్నలకి నా దగ్గరా నా దొరల దగ్గరా జవాబుండేది కాదు.

"మనబీ తీరం వాళ్ళు కూడా కట్టెల మీదే కదా వండుకునేది? మరి వాళ్ళ నీన్యోలకి పొగ వాసన ఎందుకుండదయ్యా?"

"చూడలేదమ్మా."

"పాతికేళ్ళు తిరిగి ఏం చూశావు మరి? బస్సు టికెట్లా?"

డిసెంబరు మొదటి వారంలో నతివిదాద్ పగ్వాయ్ వచ్చింది. గువామోతే పైన కొండల్లో బార్లీ పండించుకునే మనిషి. ఎర్ర శాలువా విప్పి నీన్యోని బల్ల మీద పెట్టింది.

"అక్కా, పోయినేడు నువ్వేసిన రంగు చూడు. ఉడికిన బంగాళాదుంపకి తోలు లేచినట్టు లేచిపోయింది."

"మీ కొండల్లో రంగు లేవడమేమిటే? తడిలో పెట్టావా?"

"నా బాబుని నేను తడిలో పెడతానా! పొయ్యి పక్కన వెచ్చగా ఉంచాను. రంగు సంగతలా ఉంచితే ఈ ఏడు వాడు బంగారమనుకో. గొర్రె రెండు పిల్లల్నేసింది. అల్లుడు తాగుడు మానేశాడు, ఆదివారాలు తప్ప. అంతకుముందు కొంచెం పెంకెవాడు."

"అల్లుడా?"

"బాబక్కా!"

తర్హేలియా నవ్వుతూనే మడమ నాలుక మీద పెట్టుకుంది. నవ్వు ఆగిపోయింది. రెండో మడమ కూడా నాకింది.

"ఏంటక్కా, రుచిగా లేడా?"

"పది రోజులు పడుతుంది. నేనే తెచ్చిస్తాను," అంది తర్హేలియా.

"నువ్వా? మా కొండెక్కుతావా?"

"ఎక్కుతాను."

"ఇరవైనాలుగో తారీకు లోపల రావాలి మరి. ఊరంతా ఖాళీ పల్లకీ మొయ్యాల్సొస్తే ముందు నా తల తీస్తారు, తర్వాత నీది."

నతివిదాద్ వీధి మలుపు తిరిగేదాకా ఆగి తర్హేలియా నన్ను కేకేసింది. జరిగింది ఇదీ. పోయిన డిసెంబరులో ఒకే వారం రెండు నీన్యోలు వచ్చాయి. ఒకటి నతివిదాద్‌ది, ఒకటి మనబీ తీరంలో ఒక బెస్త ఊరి నుంచి ఉబాల్దినా మేరో తెచ్చింది. ఏ కాలం నాటి శిల్పో ఇద్దరినీ ఒకే చేత్తో చెక్కాడు. అదే కొలత, అవే బుగ్గలు. గుర్తుకి కొండ బాబు కాలికి నీలం దారం, సముద్రం బాబు కాలికి ఎర్ర దారం కట్టింది. పాదాల మీది పాత రంగు కడిగెయ్యడానికి దారాలు విప్పింది. ఆరాక మళ్ళీ కట్టింది, తారుమారుగా. కట్టిన దారాన్ని చూసే తడిబట్ట చుట్టింది, దారాన్ని చూసే ఎవరి బట్టలు వాళ్ళకి తొడిగింది. ఉప్పు ఉన్నవాడు ఉప్పుతోనే కొండెక్కాడు.

"వాళ్ళకి తెలియదు కదా," అన్నాను.

"నా నాలుకకి తెలిసిందిగా." పెదాలు తుడుచుకుంది. "ఒకరి బిడ్డని ఇంకొకరి ఒళ్ళో పెట్టి, పైగా రంగు బాగుందని పొగిడించుకున్నాను. ఇది బయటపడితే ఇంకెవరు తెస్తారయ్యా నా దగ్గరికి? సొంత బిడ్డని నమ్మి ఎవరిస్తారు?"

వారం రోజుల్లో ఉప్పు లాగి రంగు వేసి, ఎనిమిదో రోజు పొద్దున్నే నా తలుపు కొట్టింది. శాలువాలో చుట్టిన నీన్యో ఆవిడ చంకలో ఉన్నాడు.

"మనబీ బస్సు ఎక్కడెక్కాలి?"

అలోవాగ్ దాటాక రోడ్డు మేఘాల్లోకి దిగిపోతుంది. చెవులు దిబ్బడేసి, దూరం దూరంగా వినిపిస్తుంది లోకం. తర్హేలియా కిటికీ తీసి కుక్కపిల్లలా గాలి వాసన చూడసాగింది. గంట గంటకీ ఒక స్వెట్టరు విప్పింది. అరటి తోటలు మొదలైన చోట నా మోచెయ్యి పొడిచింది.

"ఇదిగో, ఇక్కడ పుడుతుంది బూజు. సాంతో దొమింగో వాళ్ళ నీన్యోల చెవి వెనక ఉండే పచ్చ బూజు ఇదే." ఇంకాస్త పోయాక, "ఈ దుమ్ము తెలుసు నాకు. ముక్కుపుటాల్లో చేరుతుంది, పిన్నీసుతో తియ్యాలి."

నేను నాలుగుసార్లు పోయిన దారి. ఆ దుమ్ము రంగేమిటో అప్పుడే మొదటిసారి చూశాను.

పక్క సీటామె శాలువాలోకి తొంగి చూసింది. "ఇంత ఎండలో ఉన్ని కప్పారేంటమ్మా పసివాడికి? ఎన్ని నెలలు?"

"రెండు వేల ఏళ్ళు," అంది తర్హేలియా.

ఉబాల్దినా ఇల్లు వెదురుతో కట్టింది, ఇసుకలో పాతిన గుంజల మీద నిలబడుతుంది. పెరట్లో నాలుగు కర్రల కింద పొయ్యి. వేరుశనగ, చేప కూరిన పచ్చి అరటి ఉండలు వేగుతున్నాయి. సముద్రపు గాలి పొగని పుట్టినచోటే ఎత్తుకుని ఊరి మీదికి తోలేస్తోంది. తర్హేలియా వచ్చిన పని మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడింది.

"అదీ సంగతి," అంది నాతో. "వంటిల్లు ఇంటికి ఆవల. నలభై ఏళ్ళు బుర్ర చించుకున్నాను."

ఉబాల్దినా గరిటె చేత్తోనే వచ్చింది. డెబ్భై దాటిన బక్కపలచని మనిషి. చంకలోని మూట వైపు చూసి గరిటె దించేసింది.

"తెచ్చావా మా వాణ్ణి?"

తర్హేలియా మూటని ఇంకా దగ్గరికి పొదువుకుంది. తర్వాత మెల్లగా అడిగింది: "నీకు తెలుసా?"

"బట్టలు విప్పిన రోజే తెలుసు. కన్నతల్లికి తెలీదా? పసివాడి ఒళ్ళంతా కట్టెల పొగ వాసన."

"మరి కబురు చెయ్యలేదేం?"

"చేస్తే పట్టుకుపోతావుగా! పాపం, సముద్రమే చూడని పిల్లాడు. ఒక్క ఏడాది ఉండి పోనీ అనుకున్నా. మూడుసార్లు పడవెక్కించాం. మొదటిసారి మొహం అదోలా పెట్టాడు. తర్వాత అలవాటైపోయింది. నీ మీద కోపం రాలేదనుకోకు. రెండు నెలలు తిట్టాను నిన్ను, ఊరందరికీ వినపడేలా."

"మీ వాడి మీద బెంగ పెట్టుకోలేదా?"

ఉబాల్దినా పొయ్యి దగ్గరికి పోయి, మాడుతున్న ఉండలు తీసి, తిరిగొచ్చింది. "వాడికి చలి పడదు," అంది.

తర్హేలియా శాలువా విప్పింది. నీన్యో మందపాటి ఉన్ని పోంచోలో ఉన్నాడు. చెవులు కప్పే టోపీ, కాళ్ళకి వేలెడు మేజోళ్ళు, మేజోళ్ళ కింద ఇంకో జత మేజోళ్ళు. ఉబాల్దినా ఒక్కొక్కటీ విప్పుతూ లెక్కపెట్టి, ఆఖరికి పకపకా నవ్వింది. వాణ్ణి ముక్కుకి ఆనించుకుంది.

"వీడూ పొగ కొడుతున్నాడు. పొయ్యి పక్కనే పడుకోబెట్టారు. మంచివాళ్ళే."

సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఉబాల్దినా కొండ బాబుకి ఆ ఉన్ని బట్టలే తొడిగి తెచ్చి ఇచ్చింది. వాడి తలకి తాటాకు కంటే సన్నని నారతో అల్లిన గుప్పెడంత టోపీ. "వాళ్ళమ్మకి చెప్పు, ఎండకి పెట్టానని. చెప్పడం నీకిష్టం లేకపోతే టోపీ తీసి పారెయ్. నా నోట మాత్రం రాదు."

గ్వాయకీల్ మీదుగా మళ్ళీ కొండలెక్కాం. ఎక్కుతున్నకొద్దీ ఆవిడ స్వెట్టర్లు ఒక్కొక్కటే ఒంటి మీదికొచ్చాయి. టోపీ ఒళ్ళోని బాబు తల మీదే ఉంది. ఒకసారి కిటికీ వైపు చూసింది, ఒకసారి టోపీ వైపు.

"తీసి సంచీలో వేసుకుంటే సరిపోతుంది," అన్నాను.

"నువ్వు వదిలి వచ్చేసిన ఊళ్ళో నీ గురించి ఎవరేమనుకున్నా నీకు పట్టదు," అంది. "నేను వదిలి పోయే ఊరంటూ ఏదీ లేదు, అన్ని ఊళ్ళూ నా గుమ్మానికే వస్తాయి."

నతివిదాద్ వంటింట్లో కిటికీ లేదు. పొగ కప్పులోని గడ్డిలోంచి దారి వెతుక్కుని పోవలసిందే. గోధుమరంగు గినీ పందులు కాళ్ళ మధ్య కీచుమంటూ పరిగెడుతున్నాయి. నతివిదాద్, ఆవిడ అత్త, ఇద్దరు పొరుగు ఆడవాళ్ళు పొయ్యి చుట్టూ కూర్చుని ఊరేగింపుకి కాగితం పూలు చుడుతున్నారు. తర్హేలియా కళ్ళు నీళ్ళు కారుతుండగా టోపీతో సహా నీన్యోని మధ్యలో పెట్టి, నిలబడే అంతా చెప్పింది. దారం విప్పడం, తారుమారు కట్టడం, ఏదీ దాచలేదు.

నతివిదాద్ పొయ్యి ఊదింది.

"అంటే ఏడాదంతా నేను ఇంకెవరి బిడ్డకో జోల పాడానా?"

"అవును."

"మరి గొర్రె?"

"గొర్రె సంగతి నాకు తెలీదు."

"మా అల్లుడు?"

"తెలీదన్నానుగా!"

"మరి నా కొడుకు ఎక్కడున్నాడు ఇన్నాళ్ళూ?"

"సముద్రం దగ్గర. ఇసుకలో ఇల్లు. మూడుసార్లు పడవెక్కాడట. ఎండ తగలకుండా అక్కడి అమ్మ టోపీ అల్లింది."

ఆ వంటింట్లో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నతివిదాద్ టోపీ ఎత్తి, తిప్పి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టింది. నీన్యోని ఒళ్ళోకి తీసుకుని మేజోడు లాగింది. తర్హేలియా వైపు ఒకసారి గుర్రుగా చూసి, మడమ నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు!" అంది. అత్తకి అందించింది. ముసలమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది, తర్వాత పక్కామెకి ఇచ్చింది.

"ఆ ఉప్పు లాగెయ్యాలే," అంది తర్హేలియా చెయ్యి చాచి. "మూడు రోజులు తడిబట్టలో చుడితే..."

నతివిదాద్ బిడ్డని లాక్కుని గుండెకి హత్తుకుంది. "ముట్టుకోకు. ఊరేగింపులో అందరూ రుచి చూడాలి."

"రంగు లేస్తుంది!"

"లేవనీ. వచ్చే డిసెంబరుకి తెస్తానుగా నీ దగ్గరికే." మేజోడు మళ్ళీ తొడుగుతూ తలెత్తకుండా అంది: "దారం మాత్రం నేనే కడతాను."