మందగించిన నాడి కోసం బెంగళూరు

బండి కంటే గంట ముందు స్టేషన్లో లేకపోతే నాకు ఊపిరాడదు. హిందూపురంలో పొద్దున ఆరున్నర బండికి అయిదున్నరకే చేరుకున్నాం. మా తమ్ముడు సోము బెంచీ మీద కూర్చున్నాడు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను.

సోము సూడాన్ చెరకు తోటల్లో పంపుల మెకానిక్కుగా పనిచేసి వచ్చాడు. మోకాటిలోతు కాలవ నీళ్లలో నిలబడి చేసే పని. ఆ నీళ్లలో నత్తల్లో పెరిగే ఒక పురుగు చర్మంలోంచి దూరి, కాలేయం దాకా పోతుందట. ఊరికి వచ్చేసిన చాలా ఏళ్లకు, నిరుడు, అన్నం తింటూ తింటూ నెత్తురు కక్కుకున్నాడు. బెంగళూరు డాక్టరమ్మ మందిచ్చి పురుగులను చంపింది గానీ, కాలేయం అప్పటికే గట్టిపడిపోయింది. నెత్తురుకు అందులోంచి దారి దొరక్క, అన్నం దిగే గొట్టంలో నరాలు ఉబ్బి పగిలాయట. ఉబ్బినవాటికి రబ్బరు చుట్లు వేసి, మళ్లీ పగలకుండా పొద్దునా సాయంత్రం మింగమని మాత్రలు రాసింది. ఆర్నెల్ల తరవాత వస్తే కెమెరా గొట్టం వేసి చూస్తానంది. ఆ నరం ఇంకోసారి పగిలితే వాడు ఆస్పత్రి దాకా వస్తాడో రాడో. మా ప్రయాణం అందుకే.

రిజర్వేషన్ అక్కర్లేదు, ప్యాసింజరు టికెట్ చవక. అయితే గౌరిబిదనూరు వచ్చేసరికి కాలు పెట్టే సందుండదు, ముందే కిటికీ పట్టుకోండి. మా ఎదుట బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసే ఒకాయన కూర్చుని చిత్రాన్నం డబ్బా తెరిచాడు.

"ఏమప్పా, మొగం అట్ల పీక్కపోయుండాది, టిఫిను తిన్లేదా?" అన్నాడు సోముతో.

"కడుపు ఖాళీగా రమ్మన్నారన్నా, ఆస్పత్రికి."

ఆయన డబ్బా మూసేశాడు. "అట్లయితే నేనూ దిగినంక తింటాలే."

మా నాయన నాడి చూసేవాడు. జబ్బు చేసినవాళ్లు మందుల షాపుకన్నా ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టడం మాకూ నేర్పాడు. కొన్ని నెలలుగా సోము నాడి మెల్లగా, ఆగి ఆగి నడుస్తున్నట్టుంటే నాకు ఒకటే గుబులు. దొడ్డబళ్లాపురం దాటాక కూర్చోలేక, వాడి చెయ్యి లాక్కుని చూశాను. జోరుగా కొట్టుకుంటోంది!

"నాడి బ్రహ్మాండంగా ఉండాది రా!" అని పెట్టెలో అందరికీ వినబడేట్టు అన్నాను. పీణ్య ఆయన కూడా సంతోషించాడు. సోము చెయ్యి వెనక్కి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు.

తొమ్మిది లోపల యశవంతపురంలో దిగాం. మెట్రో పక్కనే. జయనగర్ వైపు పోవడానికి ఎక్కడా మారనక్కర్లేదు. ఆస్పత్రిలో టోకెన్ తీసుకుని మళ్లీ తిరగడం మొదలుపెట్టాను. తన వంతు కోసం కూర్చున్న, నగర్తపేటలో లేసు, బొత్తాల అంగడి ఉన్న ఒక పెద్దావిడ నా కొంగు పట్టి ఆపింది.

"కూచో అమ్మణ్ణీ. నువ్వు తిరిగితే టోకెను ముందుకు జరగదు. ఇంతకీ పేషెంటు నువ్వా, వాడా?"

లోపల డాక్టరమ్మ సోము వేలికి క్లిప్పు తగిలించి, కనుబొమలు ముడిచింది. "పల్స్ ఎనభై ఎనిమిది. ఈ డోస్ చాలట్లేదు. డబుల్ చేద్దాం."

"నాడి బాగుంది కదమ్మా?" అన్నాను, మురిసిపోతూ.

"అది బాగుండటం కాదండీ. ఈ టాబ్లెట్ పనే పల్స్ తగ్గించడం. గుండె నెమ్మదిస్తే ఆ నరాల్లో ప్రెషర్ తగ్గుతుంది. యాభై అయిదుకీ అరవైకీ మధ్య ఉండాలి. మొదట్లోనే చెప్పాను కదా."

చెప్పే ఉంటుంది. నెత్తురు చూసిన భయంలో మా చెవులకు ఏమెక్కింది గనక? చీటీ పట్టుకుని బయటికొచ్చి మందుల కౌంటరు వైపు నాలుగడుగులు వేశానో లేదో, సోము నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, రెండింతలు వద్దు. నాలుగు దినాల్నుంచి నేను మాత్రలే మింగల్యా."

"ఏమిరా?"

"డాక్టరమ్మ చూసేటప్పుడు నాడి బాగ కొట్టుకోవల్ల కదా అని ఆపేస్తి. మందగించిన నాడి పోయే నాడి అని నాయన అంటాండె కదక్కా."

పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు, నాడిని ముస్తాబు చేసుకుని తెచ్చాడు మహానుభావుడు! చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆ ముస్తాబు చూసి రైలంతా చాటింపు వేసింది నేనే, ఏ మొహంతో తిట్టను? వాణ్ణి ఈడ్చుకుని, లోపలికి పోబోతున్న ఇంకో పేషెంటును తోసుకుని మళ్లీ గదిలోకి వెళ్లాను.

డాక్టరమ్మ వింటూనే పెన్ను కింద పెట్టేసింది. "చెప్పకుండా డబుల్ డోస్ మొదలుపెట్టుంటే పల్స్ మరీ పడిపోయేది. సడన్‌గా ఆపేయడం ఇంకా డేంజర్, మళ్లీ బ్లీడ్ అవచ్చు. మీ అదృష్టం బాగుంది." పాత డోసే మళ్లీ రాసింది. నాడి యాభై కన్నా తగ్గినా, కళ్లు తిరిగినా ఫోన్ చెయ్యమంది. సొంతంగా మాత్రం ఆపొద్దంది.

తరవాత కెమెరా పరీక్షకు తీసుకెళ్లారు. ఆ తలుపు ముందు నేను ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. ఈసారి నగర్తపేట ఆవిడ కూడా ఆపలేదు. చివరికి నర్సు వచ్చి, రెండు నరాలు మళ్లీ ఉబ్బాయని, చుట్లు వేశారని చెప్పింది. పగల్లేదట. పగల్లేదన్న మాట వినగానే గోడకానుకుని ఏడ్చేశాను. పెద్దావిడ తన సీసాలో నీళ్లు తాగించింది.

పరీక్షకు ముందు గొంతులో కొట్టిన మందు తిమ్మిరి వదిలాక, డాక్టరమ్మ చెప్పిన ప్రకారం వాడికి చల్లని పలచటి మజ్జిగ మాత్రమే. ఎదురుగా ఉన్న హోటల్లో నేను పళ్లెమంత తట్టె ఇడ్లీ తిన్నాను. ఏం రుచో గుర్తులేదు.

సాయంత్రం బండిలో సీటు దొరికింది. ఎలహంక దాటాక మాత్ర వేళయింది. సోము దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

"నాయన తప్పు చెప్పినాడా అక్కా?"

"నాయన కాలానికి ఈ మాత్ర లేదప్పా."

"ఇది మింగితే మళ్లా మందగిస్తాది. నిద్దర్లో నిలిచిపోతే?"

నా మనసులో ఉన్నదీ అదే. "భయపడేది నేను పడతాలే," అన్నాను. "నువ్వు మాత్ర మింగు."

మింగాడు. కాసేపటికి నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు.

బెంగళూరులో ఏం చూశావని ఊళ్లో అడుగుతారు. ఏమీ చూడలేదు. మీరెవరైనా ఇలాంటి జబ్బుతో ఆ దారిన పోతే, మింగిన మాత్రలే కాదు, మింగనివి కూడా చెప్పండి. పక్కన సోము ఊపిరి సన్నగా వినిపిస్తోంది. వాడి చెయ్యి పట్టి చూడాలని వేళ్లు లాగేస్తున్నాయి. రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుని, వాడి నాడి మందగించాలని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, దేవుణ్ణి వేడుకున్నాను.