కొమురయ్య మామకు నేను ముక్కునైన రోజులు

ఈ ఉదయం యార్డులో తొమ్మిదో నంబరు బస్సు స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. నేను వెనక్కి వెళ్లి పొగగొట్టానికి అరచేయి అడ్డం పెట్టి, డ్రైవర్‌ను ఇంకోసారి సెల్ఫ్ కొట్టమన్నాను. తర్వాత ఆ చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని గట్టిగా పీల్చాను. పాత మసి వాసన, కొంచెం ఇనుము వాసన వచ్చాయి గానీ డీజిల్ వాసన లేదు. "వస్తలేదు మామా" అంటూ పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు. కొమురయ్య మామ పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, నా మెడకే ఇంకా తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు, ఒక ఊరివాళ్లమూ కాదు. ఇద్దరిదీ ఉత్తర తెలంగాణే, ఇద్దరమూ నేత పనికే సూరత్ వచ్చాం. ఆయన నాకంటే పాతికేళ్ల ముందు వచ్చి, కొన్నాళ్లు మరమగ్గాల మీద, మా మాటలో సాంచాల మీద, బట్ట నేసి, ఆ చప్పుడు పడక గ్యారేజీ పనిలోకి మారాడు. సూరత్‌లోనే గోడాదరాలో ఒకే బిల్డింగులో ఆయన కింద, మేము పైన. ఇచ్ఛాపూర్ దగ్గర ఒక యార్డులో మెకానిక్‌గా ఉండేవాడు. హజీరా కంపెనీలకు పనివాళ్లను తీసుకెళ్లే బస్సులు ఆ యార్డులో ఆగేవి. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, ఎప్పుడూ నూనె మరకలున్న ఖాకీ చొక్కా. నన్ను అల్లుడా అని పిలిచేవాడు. ఆయనకు కూతుళ్లు లేరు కాబట్టి నాకు ఆ పిలుపు వల్ల ఒరిగిందేమీ లేదు.

లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయాయి. మా బిల్డింగులో సగం మంది దొరికిన బండి ఎక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. నా భార్యకు ఏడో నెల కావడంతో మేము కదల్లేదు. పన్నెండేళ్లుగా సాంచాల మోత మధ్య బతికినవాణ్ణి, ఆ నిశ్శబ్దంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెట్ల మీద కూర్చునేవాణ్ణి. రెండు నెలల తర్వాత హజీరాలో పనులు మొదలవుతున్నాయని, యార్డులో నిలిచిపోయిన బస్సులన్నీ లేపాలని మామకు కబురొచ్చింది. మిగతా మెకానిక్‌లు ఊళ్లలో ఉన్నారు. ఆయన మెట్ల దగ్గర ఆగి నన్ను చూశాడు.

"ఖాళీగ కూసుంటే పిచ్చి లేస్తది అల్లుడా. పొద్దుగాల నాతోని రా. పానాలు అందియ్యి, సాలు."

అలా ముప్పై ఒక్క ఏళ్ల వయసులో నేను పానాలు అందించే పనిలో చేరాను.

మొదటి రోజు చూసింది నాకు బాగా గుర్తు. బస్సులన్నీ దుమ్ము కప్పుకుని, టైర్లు కుంగి, చక్రాల చుట్టూ గడ్డి మొలిచి ఉన్నాయి. నేను పానాల సంచి విప్పబోతే మామ చేత్తో ఆపాడు. ముందు ఆ బస్సు నడిపే డ్రైవర్‌ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆఖరిసారి ఆపినప్పుడు ఎలా ఉంది, ఎవరు ఆపారు, ఆ తర్వాత ఎవరైనా చేయి పెట్టారా అని, డాక్టరు రోగి ఇంటివాళ్లను అడిగినట్టు అడిగాడు. ఆ తర్వాతే తాళం తిప్పించాడు. లైట్లు వెలిగితే బ్యాటరీ బతికి ఉంది. సెల్ఫ్ చురుగ్గా తిరిగితే దాని తప్పు లేదు. అప్పుడు వెనక్కి వెళ్లి పొగగొట్టం దగ్గర అరచేయి పెట్టి వాసన చూసేవాడు. డీజిల్ వాసన వస్తే ఇంజన్ దాకా డీజిల్ వస్తోంది, అది మండటం లేదంతే. వాసనే లేకపోతే డీజిల్ దారిలో ఎక్కడో ఆగింది. అప్పుడు ట్యాంకు నుంచి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రావాలి.

"పానా ఆఖరుకు పట్టాలె," అన్నాడు. "ముందుగాల చెవులు, కండ్లు, ముక్కు. గివి పైస అడగయి."

నాలుగు రోజుల్లో నాకు అంతా వచ్చేసిందనిపించింది. నాకు ఆ జబ్బు మొదటి నుంచీ ఉంది. కరెంటు తీగల జోలికి మాత్రం తాను నేర్పేదాకా పోవద్దని మామ గట్టిగా చెప్పాడు. ఐదో రోజు ఒక బస్సు కింద ఎలుకలు కొరికిన తీగ కనిపించింది. మామ భోజనానికి కూర్చున్నాడు. ఆయన వచ్చేలోపు బాగుచేసి చూపిద్దామని, కొసలు కాస్త గీకి, రెండు తీగలనూ కలిపి ముడివేశాను. అది మా నేతవాళ్ల ముడి. తెగిన పోగును రెండు వేళ్లతో రెప్పపాటులో కలిపే ముడి. లాగితే ఇంకా బిగుస్తుంది తప్ప ఊడిరాదు. పైన టేపు చుట్టాను. చూడముచ్చటగా ఉంది. చెబితే తిడతాడని ఒక మనసు, స్టార్ట్ అయ్యాక చెబుదామని ఇంకో మనసు. చివరికి చెప్పలేదు.

మర్నాడు ఆ బస్సే మొదటి షిఫ్టుకు వెళ్లాలి. సెల్ఫ్ తిరిగింది, ఇంజన్ అందుకోలేదు. మామ అరచేయి వాసన చూశాడు. డీజిల్ రావడం లేదు. నా వైపు తిరిగాడు.

"నిన్న దీని మీద ఎవ్వలన్న చెయ్యి పెట్టిన్రా?"

"లేదు మామా," అన్నాను.

ఆయన నా మాట నమ్మాడు. తీగల సంగతి వదిలేసి ట్యాంకు చూశాడు, పైపులు ఊది చూశాడు, ఫిల్టర్ విప్పాడు, చేతి పంపు కొట్టి కొట్టి గాలంతా తీశాడు. గేటు దగ్గర నలభై మంది ఎండలో నిలబడ్డారు. మేనేజర్ భాయ్ వచ్చి అందరి ముందూ ఆయన్ని నానా మాటలూ అన్నాడు. మామ తలవంచుకుని విన్నాడు. నేను పక్కనే పానా పట్టుకుని నిలబడ్డాను. ఇప్పటికీ ఆ పూట తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నోరు తెరిస్తే అయిపోయేది.

మధ్యాహ్నానికి ఆయన బస్సు కింద పడుకుని ఒక్కో తీగా తడుముతూ నా టేపు దగ్గర ఆగాడు. విప్పి చూశాడు. డీజిల్ పంపుకు కరెంటు ఇచ్చే తీగ అది. ముడి తొడుగు మీద పడింది, లోపలి రాగి రాగిని తాకనే లేదు. ఆ యార్డులో ఆ ముడి వేయగల చేతులు రెండు జతలే ఉన్నాయి. ఒక జత ఆయనవి.

 బస్సు కింద నుంచి నవ్వు వినిపించింది.

"ముడి మంచిగేసినవ్ అల్లుడా. దారమైతే సాంచా నడుస్తుండె."

నేను బస్సు కిందికి దూరి ఆయన పక్కన పడుకున్నాను. ఆయన తీగల తొడుగు ఒలిచి, రాగిని రాగితో మెలిపెట్టడం చూపించాడు.

"దారానికి పట్టుంటే సాలు. తీగకు లోపల లోపల కలవాలె," అన్నాడు. "నువ్వు ముడేసినందుకు నాకు కోపం లేదు. బండి బీమారి గంటల దొరుకుతది. మనిషి దాసింది దొరకాలంటే పూట పోయింది సూడు."

మేనేజర్‌కు ఆయన ఆ ముడి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మళ్లీ సాంచాలు నడిచినా నేను వెనక్కి వెళ్లలేదు. నాకు కూతురు పుట్టింది, యార్డులో పని ఖాయమైంది.

మరుసటి ఏడు ఎండాకాలంలో మామకు కరోనా వచ్చింది. ఇంట్లోనే ఉండి, మెల్లగా కోలుకుని, వానలు మొదలయ్యే వేళకు పనిలోకి వచ్చాడు. చిక్కిపోయాడు, మెట్లెక్కితే ఆయాసం. అప్పటికి బస్సులు తగ్గాయని మేనేజర్ ఇద్దరు మెకానిక్‌లను మానిపించి ఉన్నాడు. మామ వచ్చిన వారానికి ఒక బస్సు మొరాయించింది. ఆయన మాస్కు కిందికి లాగి, అరచేయి వాసన చూశాడు. మామూలు కంటే ఎక్కువసేపు చూశాడు.

"డీజిల్ వస్తున్నది. సెల్ఫే నీరసంగున్నది, ఇప్పు," అన్నాడు.

సెల్ఫ్ విప్పి, శుభ్రం చేసి, బిగించాం. సగం రోజు పోయింది. బస్సు లేవలేదు. ఆయన నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు, ఎందుకో తెలియదు, నేనూ డ్రైవర్‌తో సెల్ఫ్ కొట్టించి అరచేయి పెట్టి చూశాను. డీజిల్ వాసన అణువంతైనా లేదు. ఆయన పొరపాటు పడటం నేనెప్పుడూ చూడలేదు.

టీ దగ్గర నెమ్మదిగా అడిగాను. "మామా, వాసన తెలుస్తలేదా?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నెల దాటింది. గీ చాయ్ కూడ ఉత్త ఉడుకునీళ్ల లెక్కనే ఉన్నది. మొన్న మీ అత్త పొయ్యి మీద పప్పు మాడింది, నేను పక్కనే కూసున్న," అన్నాడు. గొంతు తగ్గించి, "ఎవ్వలకు చెప్పకు అల్లుడా. ముక్కు లేని మిస్త్రీని ఎవ్వలు పెట్టుకుంటరు? సాంచాల మీదికి పోదామంటే నిలబడే శక్తి లేదు," అన్నాడు.

దాచకూడదని నాకు నేర్పిన మనిషే అలా అడిగితే ఏమనాలి? సరేనన్నాను. ఆ పూట దాచినందుకు ఆయనకు బాకీ ఉన్నాననే అనుకున్నాను అప్పుడు.

అప్పటి నుంచి ఆయన ముక్కు నేనే. వాసన ఉంటే ఒకసారి దగ్గాలని మొదట సైగ పెట్టుకున్నాం. ఆ రోజుల్లో దగ్గడమంటే ఎంత తెలివితక్కువ సైగో మొదటి రోజే తెలిసింది. నేను దగ్గగానే మేనేజర్ పది అడుగులు వెనక్కి వెళ్లి, నన్ను టెస్టు చేయించుకు రమ్మన్నాడు. తర్వాత చెవి గోక్కోవడానికి మారాం. ఉంటే కుడి చెవి, లేకపోతే ఎడమ చెవి. మామ పొగగొట్టం దగ్గర వంగి, మాస్కు లాగి, కళ్లు మూసుకుని గంభీరంగా పీల్చేవాడు. తర్వాత నా చెవుల వైపు చూసేవాడు. నవ్వు ఆపుకోలేక చచ్చేవాణ్ణి. నాలుగు నెలలు అలా నడిచింది. ఆయన చెవులు, చేతులు మాత్రం ఎప్పటిలాగే పదునుగా ఉండేవి. నా ముక్కు ఆయనకు ఇచ్చి, మిగతా విద్యంతా నేను తీసుకున్నాను.

దీపావళి తర్వాత ఒక ఉదయం, పనివాళ్లు ఎక్కి కూర్చున్నాక బస్సు స్టార్ట్ కాలేదు. మామ డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పుతున్నాడు. నేను వెనక పొగగొట్టం దగ్గరున్నాను. మేనేజర్ తలుపు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు, ఆయన ముఖానికి రెండు మాస్కులు. నేను చెవి చూపించడానికి ముందుకు వచ్చి మెట్టు మీద కాలు పెట్టాను. ప్లాస్టిక్ కాలుతున్న వాసన గుప్పున కొట్టింది. అది మామ మోకాళ్ల దగ్గర, స్టీరింగ్ కింద నుంచి వస్తోంది. ఆయన మళ్లీ తాళం మీద చేయి వేశాడు. వెనక సీట్లలో నలభై మంది.

దానికి మా దగ్గర చెవి సైగ లేదు.

"మామా, ఆపు. తీగ కాలుతున్నది," అన్నాను. హిందీలో అందర్నీ దిగమని చెప్పి, పరుగెత్తి బ్యాటరీ తీగ పీకేశాను. జనం దిగిపోయారు. స్టీరింగ్ కింది ఫ్యూజుల డబ్బా తెరిచేసరికి సన్నగా పొగ వచ్చి ఆగిపోయింది. ఇంకో రెండుసార్లు తాళం తిప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించడం నాకు ఇష్టం లేదు.

మేనేజర్ మామ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "కొమురయ్య భాయ్, నీ కాళ్ల దగ్గర కాలుతోంది. మెట్టు మీదివాడికి తెలిసింది, నీకు తెలియలేదా?" అని హిందీలో అడిగాడు.

నా దగ్గర అబద్ధం సిద్ధంగా ఉంది. మాస్కు మందంగా ఉందని, గాలి అటు వీస్తోందని ఏదో ఒకటి. నేను నోరు తెరిచేలోపు మామ సీట్లోంచి దిగి, మాస్కు పూర్తిగా తీసేశాడు.

"తెలియదు భాయ్. కరోనా వచ్చినప్పటి నుంచి నాకు వాసన లేదు. నాలుగు నెలలుగా వీడి ముక్కుతో పనిచేస్తున్నాను. చెప్పొద్దని వీడిని ఆపింది నేనే," అన్నాడు.

 మేనేజర్ మమ్మల్ని ఇంటికి వెళ్లమన్నాడు.

తిరుగు దారిలో ఆయన నా స్కూటర్ వెనక కూర్చున్నాడు. తాపీ నది వంతెన దాటాం. తర్వాత నా భుజం మీద చేయి వేశాడు.

"నువ్వు ఒక పూట దాసినవ్. నేను నాలుగు నెలలు దాసిన. నీ ముడి కన్న నాదే గట్టిది అల్లుడా."

నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉండబట్టి సరిపోయింది.

మర్నాడు మామ ఎప్పటిలాగే పానాల సంచి పట్టుకుని యార్డు గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి పిలుస్తారో లేదో తెలియదు. మేనేజర్ చాలాసేపటికి బయటికి వచ్చాడు. మామ ఒంటరిగా ఏ బస్సు మీదా పనిచేయకూడదని, మనుషులు ఎక్కే ముందు ప్రతి బస్సునూ నేనే చూసి చెప్పాలని అన్నాడు. "ఇక దాచడాలు వద్దు" అని ఒక్కమాట అని వెళ్లిపోయాడు. పేరుకు నేను పెద్ద మెకానిక్‌ను అయ్యాను, ఆయన నా కింద. ఆయనకు చిన్నతనం అనిపించిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి అందరి ముందూ దర్జాగా "ఏం అల్లుడా, ఏమంటున్నది నీ ముక్కు?" అని అడిగేవాడు. నేను చెవులు గోక్కోవడం మానేశాను. ఆయన వాసన మాత్రం చివరిదాకా తిరిగి రాలేదు.

ఈ ఉదయం తొమ్మిదో నంబరు బస్సు దగ్గర నేను వట్టి అరచేయితో నిలబడి ఉంటే డ్రైవర్ కిందికి దిగాడు. కొత్త ఫిల్టర్ వేశారుగా, నిన్న ఎవరు చేశారు అని అడిగాడు. గేటు దగ్గర మొదటి షిఫ్టు మనుషులు చూస్తున్నారు, మేనేజర్ కూడా వస్తున్నాడు.

"నేనే మార్చిన," అన్నాను. "నిన్న తొందరల ఉన్న. ముందుగాల నా చెయ్యి పడ్డ కాడనే సూద్దాం."

ఫిల్టర్ మీద గాలి వదిలే స్క్రూ అరచుట్టు వదులుగా ఉండి లోపలికి గాలి దూరింది. నిన్న బిగించడం మరిచింది నేనే. అందరికీ వినపడేలా ఆ మాట చెప్పి, చేతి పంపు కొట్టాను. బుడగలు ఆగిపోయాక స్క్రూ బిగించి, మళ్లీ వెనక్కి వెళ్లి అరచేయి పెట్టాను. డ్రైవర్ సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ అందుకునేలోపు చేతికి తడి, ముక్కుకు ఘాటుగా డీజిల్ వాసన తగిలాయి. "వచ్చింది మామా," అన్నాను.