వెలగని కొవ్వొత్తే వంగాలి

ఈమధ్య అగ్గిపుల్లలు మరీ నాసిరకమైపోయాయి. పదింటిలో నాలుగు గీయగానే తల రాలుస్తాయి, మూడు పొగతో సరిపెడతాయి. మొన్న హిందూపురంలో కరెంటు పోయి, ఎనిమిదో పుల్లతో కొవ్వొత్తి వెలిగించేసరికి, ఆ మైనపు వాసన నన్ను తొంభైల నాటి పెనుకొండ చర్చిలో నిలబెట్టింది.

అక్కడ క్రిస్మస్ ముందటి సాయంత్రం ఒక్కటే పుల్ల గీసేవారు. దానితో అయ్యగారు పెద్ద కొవ్వొత్తిని వెలిగిస్తే, అక్కణ్ణుంచి మనిషి మీదుగా మనిషికి, వరుస చివరిదాకా వెలుగు నడిచివెళ్లేది. నియమం ఒకటే: వెలిగేది నిటారుగా ఉండాలి, వెలగనిదే వంగాలి. వెలుగు కావలసినవాడు తల వంచాలని, ప్రభువు వెలుగు ఎప్పుడూ పక్కవాడి చేతి మీదుగానే వస్తుందని అయ్యగారు ఏటా చెప్పేవారు. అది చేతుల మీద మైనం పడకుండా చేసిన ఏర్పాటని నేను డిగ్రీ పూర్తయ్యేదాకా అనుకున్నాను.

ఆ ఏడు ధర్మవరంలో ఒక బడిలో టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. ఆ సంగతి మా పెదనాయన కొడుకుకు, అంటే అన్నకు, ఒక్కడికే చెప్పాను. ఇద్దరం అవ్వ చేతిలో పెరిగినవాళ్లం, ఒకే చదువు చదివినవాళ్లం. "నాకెట్లాగూ ఆడ పనుండాది, నీ అప్లికేషన్ నేనిచ్చొస్తాలే అబ్బా" అన్నాడు. ఉద్యోగం ఆయనకే వచ్చింది. ఇద్దరిలో మంచివాణ్ణి ఎంచుకున్నారనుకుని ఆయన పంచిన మిఠాయి కూడా తిన్నాను. పండుగ ముందురోజు మధ్యాహ్నం వాక్యం కోసం నేను ఆయన బైబిల్ తెరిస్తే, నా అప్లికేషన్ నాలుగు మడతల్లో దొరికింది. ఏ అధ్యాయంలో పెట్టాడో చూడలేదు. చూసివుంటే ఆ అధ్యాయం మీద కూడా కోపం వచ్చేది.

ఆ సాయంత్రం వరుసలో అన్న నా పక్కనే నిలబడ్డాడు. వెలిగే కొవ్వొత్తితో నావైపు తిరిగి "వంచప్పా" అన్నాడు. నేను వంచలేదు. నా అవతల ఐదుగురు చీకట్లో ఉన్నారు; అయ్యగారు పాట ఆపారు. నా రెండో పక్కనున్న మామ ఊరుకోలేక, "ఏమప్పా, ఈడే నిలబెట్టినావు? మాకు క్రీస్తు పుట్టొద్దా?" అన్నాడు. చివరికి నియమం తప్పి అన్నే వంచాడు. మైనం నా వేళ్ల మీద పడింది, ఒత్తి అంటుకుంది. మామ తన కొవ్వొత్తి వంచాడు, ఇచ్చాను. ఆపుకోవడానికి ఆ వెలుగు నాది కాదు కదా.

ఇప్పుడు మా హిందూపురం చర్చిలో బ్యాటరీ కొవ్వొత్తులు ఇస్తున్నారు. ఎవరి బటన్ వాళ్లదే. మైనం పడదు, ఎవరూ ఎవరికీ వంగనక్కర్లేదు. నాబోటివాడికి చాలా సౌకర్యం. ఎందుకోగానీ వాటి వెలుగులో పక్కవాడి ముఖం సరిగ్గా కనబడదు. అన్న మీద కోపమా, రెండువేల సంవత్సరం దాటాక, ఇద్దరికీ షుగరు వచ్చి మందుల పేర్లు చెప్పుకోవడంలో ఎప్పుడో కరిగిపోయింది.

కరగనిది వేరే ఉంది. ఆ సాయంత్రం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద అవ్వ నా వేళ్ల మీది మైనాన్ని గోటితో గీకుతుంటే, కాగితం సంగతంతా ఆమెకు చెప్పుకున్నాను. ఆమె తలెత్తలేదు.

"దాన్ని ఇయ్యొద్దని చెప్పింది నేనేరా. వానికి పెండ్లాం బిడ్డలుండారు. నీకెవురుండారు?"