బండి ఆపి చెప్పాల్సిన మాట

మా అన్నకు నా మాట వినిపించాలంటే నా ముఖం కనపడాలి. ఇరవై ఆరేళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. మా వాళ్ళు వాటిని సాంచాలంటారు. సూరత్ పక్కన జోల్వాలో ఒక్కో షెడ్డులో అన్ని సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కన నిలబడ్డవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదాలు కదుపుతారు, చేతులు తిప్పుతారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. భుజం మీద చెయ్యి వేసుకుంటే షెడ్డు యజమాని సేఠ్ వస్తున్నాడు. అర్థం కాకపోతే మాత్రం ఎవడూ మళ్ళీ అడగడు, తల ఊపేస్తాడు. చెవులు పోయాయని తెలిస్తే సేఠ్ పని మాన్పిస్తాడన్న భయంతో మొదలైన అలవాటది. తర్వాత ఇంటికీ వచ్చేసింది. మా వాడకట్టులో సగం మంది మగవాళ్ళు అన్నింటికీ సరేనంటారు. వాళ్ళ పెళ్ళాలు దాన్ని మంచితనం అనుకోరు, వాళ్ళకు సంగతి తెలుసు.

అమ్మానాన్నలు పోయాక నన్ను తొమ్మిదేళ్ళప్పుడు ఊరి నుంచి తెచ్చుకుని పెంచింది అన్నే. షెడ్డు గడప మాత్రం తొక్కనివ్వలేదు. "నీ చెవులు నీకుండాలె" అనేవాడు. పదో తరగతిదాకా చదివించాడు, డ్రైవింగ్ నేర్పించాడు. ఆరేళ్ళు నేను బైకు మీద పార్శిళ్ళు పంచాను. పొద్దున పర్వత్ పాటియా గోదాములో బస్తా నింపుకుని జోల్వా, చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాణ్ణి. మధ్యాహ్నానికి లెక్కగా అన్న షెడ్డు గేటు దగ్గరుండేవాణ్ణి. కనుబొమల మీద దూదిపీచుతో బయటికి వచ్చేవాడు. గోడ నీడన కూచుని ఆయన టిఫిన్ ఆయన, నా టిఫిన్ నేను విప్పుకునేవాళ్ళం. కూర మాత్రం ఒకటే, వదిన వండిందే.

ఆ అరగంటా నా నోరు ఆగేది కాదు. చీరలు నేసే ఊళ్ళో కూచుని ఫోనులో చీర ఆర్డరిచ్చి, రంగు నచ్చలేదని వెనక్కి పంపే మహాతల్లి గురించి చెప్పేవాణ్ణి. నాలుగో అంతస్తు ఎక్కించి ఓటీపీ నంబరు చెప్పడానికి ఫోను వెతుక్కునే పెద్దమనిషి గురించి చెప్పేవాణ్ణి. అన్న ముద్ద చేతిలో పట్టుకుని నా పెదాలనే చూసేవాడు, చప్పుడు లేకుండా నవ్వేవాడు. ఆ నవ్వు కోసం కొన్ని కల్పించి కూడా చెప్పాను.

నా నోరు మంచిది కాదు, అది నాకూ తెలుసు. ఒకరోజు వానలో తడిసి వెళితే, డబ్బా మూల నలిగిందని ఒకాయన అరగంట నిలబెట్టాడు. నేనూ నాలుగు మాటలన్నాను. ఫిర్యాదు వెళ్ళింది. ఇంక ఈ గడపల చాకిరీ నాకొద్దని బస్తా విసిరేసి వచ్చాను. పెద్ద బండి లైసెన్సు అప్పటికే ఉంది. సూరత్ దగ్గరే ఉన్న సచిన్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్ళు బట్టల బేళ్ళతో కలకత్తా పోయే లారీకి డ్రైవర్లను వెతుకుతున్నారని తెలిసి ఒప్పేసుకున్నాను. ఇంటికి వచ్చి అన్నకు చెప్పాను.

అన్న నా గడ్డం పట్టుకుని ముఖాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

"మళ్ళ చెప్పు."

చెప్పాను.

"మరి రోజూ కనవడవా?"

"ఫోన్ చేస్త గదన్నా."

ఫోన్ అనే మాట నా పెదాల మీద చదివి ఆయన కళ్ళు కిందికి దించుకున్నాడు. "సరే తమ్మీ. జర పైలం" అన్నాడు. ఒప్పుకున్నాడని సంబరపడ్డాను. ఇప్పుడు తల్చుకుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

లారీ మీద నా గర్వం అంతా ఇంతా కాదు. రోజంతా తలుపులు కొట్టిన చేతులకు ఒక్కసారిగా తీరిక దొరికింది. సూరత్‌లో ఒక గోదాము, కలకత్తాలో ఒక గోదాము, మధ్యలో ధూలియా, నాగపూర్, రాయపూర్. నన్ను ఎవరూ మెట్లెక్కించరు, ఎవరూ ఫోనులో నా పనికి నక్షత్రాలు వెయ్యరు. నాతో వంతులవారీగా బండి నడిపే జోడీ డ్రైవరు వయసులో పెద్దాయన, మితభాషి. నా కబుర్లు వినేవాడే లేకపోయాడు. మొదటి నెల, ఏ ధాబా దగ్గరో బండి ఆపి, వదిన పెద్ద ఫోనుకు వీడియో చేసేవాణ్ణి. అన్న తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి వచ్చి నా పెదాలు చూసేవాడు. గడ్డం పెరిగితే "అది గీకించు, మాట కనవడ్తలేదు" అని తిట్టేవాడు.

అయితే వీడియో చెయ్యాలంటే బండి ఆపాలి. ఆగిన ప్రతిసారీ వెనక పడతాం. గోదాముకు ఫలానా పూటకు చేరాలని లారీ యజమాని పదేపదే ఫోన్లు చేసేవాడు. ఉట్టి ఫోనైతే చెవిలో తగిలించుకుని నడుపుతూనే మాట్లాడొచ్చు. అలా మెల్లగా మారిపోయాను. అన్న షిఫ్టు దిగి నడిచి వచ్చే వేళకు ఆయన బటన్ల ఫోనుకు చేసేవాణ్ణి. జేబులో వణుకు తగిలి ఎత్తేవాడు. నేను ఏం చెప్పినా అవే మాటలు, అదే వరస: "ఆఁ... మంచిదే... తిన్నవా... పైలం." టైరు పేలిందన్నా మంచిదే. జ్వరం వచ్చిందన్నా మంచిదే. ఆయన తల ఊపుతున్నాడని తెలియని పిల్లవాణ్ణి కాను నేను. ఆ వాడకట్టులో పెరిగినవాణ్ణి. తెలిసీ, ఏదో కొంత వినపడే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా అనుకుంటే బండి ఆపక్కర్లేదు కదా.

దసరాకు పది రోజుల ముందు ధూలియా దాటుతూ ఫోన్ చేశాను. చెప్పడానికి భయపడుతూనే చెప్పాను.

"అన్నా, పండుగకు వస్తలేను. కలకత్తా లైను నాకు పక్కా చేసిండ్రు. ఇగ ఇదే పని. పార్శిళ్ళ దిక్కు మళ్ళ రాను."

లారీ మోతలో ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన గొంతు, ఎప్పటిలాగే కొంచెం గట్టిగా: "ఆఁ... మంచిదే. తిన్నవా? పైలం."

కోప్పడతాడనుకుంటే కోప్పడలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ పూట ధాబాలో జోడీ డ్రైవరు రొట్టెలు కూడా నేనే తినేశాను.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో సాంచా పక్కనే అన్న కుప్పకూలిపోయాడు. గుండె. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. వదిన ఫోన్ చేసినప్పుడు నేను రాయపూర్ దగ్గరున్నాను. లారీ జోడీ డ్రైవరుకు అప్పజెప్పి రైలెక్కాను. నేను దిగేసరికి వాడకట్టువాళ్ళు కాష్ఠం పేర్చి, నిప్పు పెట్టి, స్నానాలు చేసి వచ్చేశారు. ఉంచడానికి వీలు కాలేదని ఎవరో చెప్పారు. నేను తల ఊపాను.

మూడో రోజు పొద్దున వదిన గోడకు ఆనుకుని కూచుంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆమే మాట్లాడింది.

"ముందునాడు నీ ఫోన్ వచ్చిందని ఎంత సంబురపడ్డడో. ఇంట్లకు వస్తనే చెప్పిండు. తమ్ముడు దసరాకు వస్తుండంట, పెద్ద బండి ఇడిచిపెడ్తుండంట, ఇగ ఇక్కడనే ఉంటడంట అన్నడు. రేపటి సంది టిఫిన్ల కూర జర ఎక్కువ పెట్టే అలవాటు చేసుకో అని నన్ను నవ్విచ్చిండు."

అబద్ధం ఆడితే సరిపోయేది, అవును వదినా అంటే సరిపోయేది. కానీ ఆ ఇంట్లో నేను ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

"వదినా, నేను గట్ల చెప్పలే. రానని చెప్పిన."

ఆమె ఉలిక్కిపడలేదు. "ఫోన్ల ఆయనకు ఏమీ ఇనవడదని నాకెరుకే" అంది. "నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా వచ్చి ఏదో ఒకటి చెప్పేటోడు. నువ్వు బిర్యాని తిన్నవంట, ఆడ సల్లగ ఉందంట. అన్నీ ఆయన మనసుల నుంచి తీసినయే. నేను కాదనలే. నీకు చెప్తనంటే వద్దన్నడు. వాడే ఒకనాడు బండి ఆపి ముఖం సూపిస్తడు తియ్ అన్నడు."

నేను ఏడ్చాను. పెద్దగా, పక్క గదులవాళ్ళు వచ్చి చూసేలా ఏడ్చాను. నిమిషం పని అది. రోడ్డు పక్కకు తీసి, బ్రేకు వేసి, ఫోను ముఖం ముందు పెట్టుకోవడం. ఆ నిమిషం మా అన్నకు ఇవ్వలేకపోయాను.

పార్శిళ్ళ పని మళ్ళీ అడిగి చూశాను, నా లైను అప్పటికే వేరేవాడికి ఇచ్చేశారు. దినం అయిన మర్నాడు సచిన్ వెళ్ళి లారీ ఎక్కాను.